గొడ్రాళ్ల గుంట

ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఒక మడ అడవి. ఆ చెట్ల వేళ్ల ముందు బురద మేట మీద ఒకప్పుడు ఆల్చిప్పలు ఎంత ఒత్తుగా ఉండేవంటే, పీత అటునుంచి ఇటు నడవాలంటే నలుగురి వీపులు తొక్కి నలుగురికి క్షమాపణ చెప్పుకోవాలి. తర్వాత సున్నపు బట్టీల పడవలొచ్చాయి. చిప్పలు కాల్చి సున్నం చేసుకోడానికి పారలతో ఎత్తుకుపోయాయి. మిగిలినవాళ్లు పాయకొకరు, మలుపుకొకరు. మేట మీద మిగిలింది మంగాయమ్మ ఒక్కతే.

నీళ్లు వడకట్టేవాళ్లు లేక ఏరు బురదెక్కింది. దాక్కునే చోటు లేక చేపపిల్లలు చచ్చాయి. పెద్దవాళ్ల నోటికి చేప అందడం మానేశాక గాని అడవికి ఆల్చిప్పల మీద ప్రేమ పుట్టలేదు.

పెద్దకొంగ సభ పెట్టాడు. "ఆల్చిప్పలకి పిల్లలెందుకు పుట్టడం లేదో కనిపెట్టాలి. పొద్దున పడ్డ మొదటి చేప ప్రతి ఇంటివాళ్లూ పరిశోధన నిధికి ఇవ్వండి."

"పరిశోధన చేసేదెవరు?" అంది నీటికుక్క.

"చదువుకున్నవాణ్ణి, నేను లేనూ?" అన్నాడు గుంటనక్క.

ఏం చదివావని ఎవరూ అడగలేదు. గొంతు సవరించుకుని మాట్లాడే మగవాణ్ణి ఎవరూ అడగరు.

నక్క చేసిన మొదటి పని, మంగాయమ్మను మేట మీంచి పెకలించి తన బొరియ పక్కనున్న నీటిగుంటలో ఒంటరిగా పెట్టించడం. పోటు వచ్చినప్పుడు ఆ గుంటలోకి ఏటి నీళ్లొస్తాయి, పాటుకి పోతాయి. "పరిశీలనకి వీలుగా ఉంటుంది" అన్నాడు.

ఆమె ఆ రోజే చెప్పింది. "బాబూ, నాలో ఏ లోపమూ లేదు. మాకు పెళ్లీ పేరంటం ఉండవు. పెద్ద పోటు వచ్చినప్పుడు ఒకరు మొదలుపెడితే పక్కవాళ్లు అందుకుంటారు. ఆడవాళ్లం గుడ్లు వదులుతాం, మగవాళ్లు పాలు వదులుతారు. నీళ్లే కలుపుతాయి. అందుకు మూరెడు దూరంలో ఎవరో ఒకరుండాలి కదా. నాకెవరున్నారు?"

నక్క నివేదిక రాశాడు: 'రోగి అతిగా మాట్లాడుతుంది. ఆత్రం వల్లే సంతానం నిలవడం లేదని అనుమానం.'

అలా మూడేళ్లు. ఆమె నోరు పెగలదీసి మడాకు పసరు పోశాడు. ఎండలో పెట్టాడు, నీడలో పెట్టాడు. ఆమె నడవడిక ఎలాంటిదని పక్క పాయల్లో వాకబు చేశాడు. ఒక్క మగ ఆల్చిప్ప జోలికి మాత్రం పోలేదు. "మగవాళ్లలో పరీక్షించడానికేముంటుందండీ!" అన్నాడు. కొంగ కూడా తలూపాడు. నిధి చేపలతో నక్క పొట్ట నేలకి ఆనుతోంది.

పీత సూరమ్మ అప్పుడప్పుడూ గుంట దగ్గరికి వచ్చి కూచునేది.

"మొగుడి మీద బెంగా, వదినా?" అంది ఒకసారి.

"మాకు మొగుళ్లెక్కడే? నాది మేట మీద బెంగ" అంది మంగాయమ్మ. "పక్కామె నోరు తెరిస్తే ఆ అలికిడి నా పెంకుకి తెలిసేది. ఎక్కడో ఒకరు మొదలెట్టేవారు. ఆ రుచి నీళ్లలో నా దాకా వచ్చేసరికి ఒళ్లు ఝల్లుమనేది. ఇక మేటంతా ఆగేది కాదు. గంజి వార్చినట్టు నీళ్లు తెల్లబడిపోయేవి సూరమ్మా. ఇప్పటికీ పోటు వచ్చినప్పుడల్లా నోరు తెరుస్తాను. ఉత్త ఉప్పు. మళ్లీ మూసుకుంటాను."

సూరమ్మ కళ్లు తుడుచుకుంది. "మిగిలినవాళ్లు ఏ పాయలో ఉన్నారో నాకు తెలుసు. మోసుకొచ్చేస్తాను."

"నక్క రానిస్తాడా? వాడి చేతే తెప్పించాలి."

మర్నాడు నక్క పసరు పట్టుకొస్తే ఆమె మెల్లగా అంది. "నక్కగారూ, ఈ ఏడు మీ నిధి ఆపేస్తారట కదండీ?"

నక్క మొహం వాడింది. నీటికుక్కలు గొణుగుతున్న సంగతి వాడికీ తెలుసు.

"మరి ఒక్క గొడ్రాలి పేరు చెప్పి ఎన్నాళ్లని అడుగుతారు? పాయల్లో పిల్లల్లేనివాళ్లు ఇంకా ఎంతమందున్నారో! అందర్నీ తెచ్చి ఇదే గుంటలో పక్కపక్కనే పేర్చి చూపిస్తే... రోగం ఎంత పెద్దదో నిధి అంత పెద్దది కాదుటండీ?"

నక్క తోక లేచింది. "ఇంటికి రెండు చేపలు! ఇది నాకెందుకు తట్టలేదు?"

"మీకే తట్టిందండీ. రోగిని, నాకేం ఆలోచనలుంటాయి?"

పది రోజులు పీతలు మోశాయి. మొత్తం ఇరవై రెండుమందిని తెచ్చి మంగాయమ్మ చుట్టూ పేర్చాయి. ఆల్చిప్పల్లో ఆడెవరో మగెవరో పైకి తెలియదు. నక్కకి ఆ అనుమానమే రాలేదు. పిల్లలు లేరంటే ఆడదే. వాడి శాస్త్రం అంతవరకే. గట్టు బురద మీద గీసుకుంటూ పోయాడు: గొడ్రాలు ఒకటి, గొడ్రాలు రెండు, గొడ్రాలు మూడు.

"ఏయ్! నేను మగాణ్ణి!" అని అరవబోయాడు రెండో అంకె పడ్డ సత్తిరాజు. "నన్ను పట్టుకుని గొడ్రాలంటాడా?"

"నోరు మూసుకో, సత్తిరాజూ" అంది మంగాయమ్మ. "ఆ పేరు నేను మూడేళ్లు మోశాను. అమావాస్య పెద్ద పోటు దాకా నువ్వు మొయ్యి."

సత్తిరాజు మూసుకున్నాడు. మళ్లీ సన్నగా తెరిచి, "ఇంత బరువుంటుందనుకోలేదు" అన్నాడు.

"ఇంకా నీ నోట్లో పసరు పొయ్యలేదు."

అమావాస్య నాడు పొద్దున్నే సభ. అడవి అడవంతా గుంట చుట్టూ చేరింది. నక్క రాయెక్కి ఉపన్యాసం అందుకున్నాడు. "ఇరవై ముగ్గురు గొడ్రాళ్లు! అందరూ ఆడవాళ్లే! పరిస్థితి ఎంత విషమించిందో చూడండి. ఇంటికి రెండు చేపలు లేనిదే..."

పోటు ఎక్కింది. చల్లటి నీళ్లు గుంటలోకి దూకాయి. మంగాయమ్మ అలవాటు చొప్పున నోరు తెరిచింది. ఎడమ పక్క చిన్న అలికిడి. భయమేసింది ఆమెకి, మూడేళ్ల కోరిక తనతో పరాచికాలాడుతోందేమోనని. అప్పుడు తగిలింది రుచి. ఉప్పు కాదు. ఆమె ఇక ఆగలేదు. పక్కామె ఆగలేదు. ఎవరూ ఆగలేదు.

"గుంటలో అదేవిఁటి, తెల్లగా?" అంది నీటికుక్క.

కొంగ ముక్కు ముంచి చూశాడు. "గుడ్లు. పాలు కూడా." తలెత్తి నక్క వైపు తిరిగాడు. "అందరూ ఆడవాళ్లేనంటివి. మరి పాలెవరివోయ్?"

"అదీ... ఇంకా లోతుగా పరిశోధించాలి. ఇంకో మూడేళ్లు..."

"నావండీ" అన్నాడు సత్తిరాజు సిగ్గుపడుతూ. "గొడ్రాలు రెండు నేనే. ఇక్కడ పదకొండుమందిమి మగాళ్లం."

నీటికుక్క పొట్ట పట్టుకుని నవ్వింది. "మూడేళ్లు మా చేపలు మింగి ఆడెవరో మగెవరో కనిపెట్టలేనివాడు, పిల్లలెందుకు పుట్టలేదో కనిపెడతాట్ట!"

నక్క రాయి దిగి పరుగందుకున్నాడు. తోకకి నాలుగు పీతలు వేలాడుతూనే ఉన్నాయి.

కొంగ ఒంటికాలి మీద నిలబడి ఇబ్బందిగా కదిలాడు. "అయితే నిధి ఆపేద్దామామ్మా?"

"ఆపుతారెందుకు? ఇన్నాళ్లూ తప్పుడు నోట్లో పోశారంతే" అంది మంగాయమ్మ. "ఇప్పుడే అసలు పని. ఈ పిల్లలు ఏ మేటకి అంటుకుంటాయో, ఎన్ని బతుకుతాయో తిరిగి చూడాలి. మళ్లీ పడవలొస్తే కేకెయ్యాలి. తిరిగేది పీతలు. ఆ చేపేదో వాళ్లకివ్వండి. ఏడాదికోసారి మా మాట కూడా వినండి, రాసుకోకపోయినా సరే."

పాటు మొదలైంది. గుంటలోని తెలుపు సన్నటి దారంలా సాగి ఏట్లోకి, ఏట్లోంచి సముద్రం వైపు పోతోంది.

"అందులో నీ పిల్లలేవి వదినా?" అంది సూరమ్మ.

"తెలీదే. తిరిగొస్తే మాత్రం నేను గుర్తుపడతానా, అవి నన్ను గుర్తుపడతాయా? ఎక్కడో ఒక మట్టి పట్టుకుని, పక్కన ఇంకొకర్ని ఉండనిస్తే చాలు."

అంది గాని, నీళ్లు తగ్గి పెంకు ఆరుతున్నా నోరు మూసుకోలేదు. సముద్రం వైపే చూస్తూ ఉండిపోయింది.

లోపం ఎవరిదని వెతికితే నక్క పొట్ట నిండుతుంది. ఒకరికీ ఇంకొకరికీ మధ్య ఎడం ఎంతని అడిగితే ఊరు నిండుతుంది.