బయటి ముక్కు

జకరయ్య మాస్టారికి ఒక అలవాటుండేది. కెమిస్ట్రీ లాబు చివరనున్న గ్యాసు గదిలోకి విద్యార్థులను పంపే ముందు, కాలేజీ గేటు దగ్గర జామకాయలమ్మే నాంచారమ్మను పిలిపించేవారు. ఆవిడ వరండా మెట్టు మీద నిలబడి, గదివైపు ముఖం పెట్టి ఒకసారి గాలి పీల్చి, "ఏం లేదు" అనో, "కంపు కొడతంది" అనో చెప్పి తన బుట్ట దగ్గరికి వెళ్లిపోయేది. ఆ మాట వినందే మాస్టారు ఆ గదిలోకి ఎవరినీ అడుగు పెట్టనిచ్చేవారు కారు.

ఆ గదిలో తయారయ్యేది హైడ్రోజన్ సల్ఫైడు. ఇనుప సల్ఫైడు ముక్కల మీద ఆమ్లం పడితే పుట్టే వాయువు. లవణాల పరీక్షలకు ఆ రోజుల్లో అది లేనిదే పని జరిగేది కాదు. కుళ్లిన కోడిగుడ్ల వాసన దానిది. అది మనిషి ప్రాణం తీస్తుందన్న సంగతి కూడా పుస్తకంలో ఉంది. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే అందరం. నేను ఆ పక్క గదిలో ఫిజిక్సు చెప్పేవాణ్ణి. మొదటి ఏడాది ఆ కంపును నోరారా తిట్టుకున్నాను. ఆ తర్వాత అది నాకు తెలియడం మానేసింది. పదహారేళ్లపాటు దాన్ని నా ఓర్పు అనుకున్నాను.

మాస్టారికి అన్నీ అనుమానాలే. సీసా మీద చీటీ ఉంటే, ఆ చీటీ అంటించిందెవరని అడిగేవారు. గ్లౌజులు తొడుక్కోబోయేవాణ్ణి ఆపి, వాటిలో గాలి ఊది, చిల్లి ఉందేమో చూసేవారు. ఆ వాయువు తగిలితే నల్లబడే కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని తడిపి గుమ్మానికి కట్టించేవారు. అది నల్లబడకపోతే సంతోషించాలా, లేదు. కాగితం తడి ఆరిపోయిందేమోనని మళ్లీ అనుమానం. ఇంట్లో కాఫీ ఇచ్చినా పరీక్షనాళికలో పోసి చూసుకుని తాగుతారని స్టాఫ్ రూములో చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. అందరికంటే నేనే కాస్త ఎక్కువ నవ్వాను.

నవ్వలేనివాడు ముకుందం ఒక్కడే. ఆయన దగ్గరే చదివి, ఆయన దగ్గరే డిమాన్‌స్ట్రేటరుగా చేరిన కుర్రాడు. చురుకైనవాడు, చెయ్యి శుభ్రం, మాట శుభ్రం. గ్యాసు కుళాయి స్వయంగా కట్టేసి వచ్చి "అంతా బాగానే ఉంది మాస్టారూ" అని అతను చెప్పాక కూడా జామకాయల బుట్ట కోసం కబురు వెళ్లేది. విద్యార్థులు ముసిముసిగా నవ్వేవారు. అతనికి తల కొట్టేసినట్టుండేది. పబ్లిక్ ప్రాక్టికల్సుకు ఇంకొక రోజు ఉందనగా, నా ఎదుటే అడిగేశాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. మూడేళ్లు మీ దగ్గర చదివాను. ఇప్పుడు మీ దగ్గరే పని చేస్తున్నాను. నన్నింకా నమ్మరా? బడి ముఖం చూడని మనిషి మాట మీద ఉన్న నమ్మకం నా మాట మీద లేదా?"

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. "రేపటికి ఆమ్లం సరిపోతుందా?" అని అడిగి లేచి వెళ్లిపోయారు.

ముకుందం ముఖం కందగడ్డలా అయింది. వరండాలోకి వచ్చాక నాతో, "దీని వెనక ఎవరో ఉన్నారు సార్. సైదులే నా మీద ఏవో చాడీలు మోసి ఉంటాడు" అన్నాడు. సైదులు ఆ లాబు అటెండరు. ఇరవై రెండేళ్లుగా అక్కడే ఉన్నాడు. నాకు అలా అనిపించలేదు గాని, కాదనీ అనలేదు. ఆ సాయంత్రం నుంచి ముకుందం సైదులుతో మాట్లాడటం మానేశాడు.

మర్నాడు పదింటికి బయటి ఎగ్జామినరు వస్తారు. పద్దెనిమిది మంది విద్యార్థులు రికార్డులు పట్టుకుని వరండాలో నిలబడ్డారు. "ఇవాళ ఒక్కరోజుకైనా ఆవిణ్ణి పిలవకండి మాస్టారూ, పరువు పోతుంది" అని బతిమాలి, తొమ్మిదిన్నరకు ముకుందం గ్యాసు గదిలోకి వెళ్లాడు. లోపల కంపు గుప్పుమంది. కుళాయి వైపు చూశాడు, కాస్త వదులుగా ఉంది. బిగించాడు. సైదులు మోకాళ్ల మీద కూర్చుని నేల తోముతున్నాడు. దుమ్ము పడకుండా కిటికీ మూసి ఉంది. ముకుందం అతన్ని ఏమీ అడగలేదు, అతనూ ఏమీ చెప్పలేదు. వాసన పోయేదాకా అక్కడే ఉండి ముకుందం బయటికి వచ్చాడు.

"గది శుభ్రంగా ఉంది మాస్టారూ. వాసన పోయింది."

"మెల్లగా తగ్గుతూ పోయిందా, ఉన్నట్టుండి పోయిందా?"

ముకుందం ఒక్క క్షణం ఆలోచించాడు. "ఉన్నట్టుండే పోయిందండీ. మంచిదే కదా?"

మాస్టారు అతని ఎర్రబడ్డ కళ్లలోకి చూశారు. వెంటనే విద్యార్థులనందరినీ మెట్లు దిగి ఎదర ఖాళీ స్థలంలోకి పొమ్మన్నారు. నా గుమ్మంలో నిలబడి ఉన్న నన్ను, "మీకేమైనా వాసన వస్తోందా?" అని అడిగారు. "అబ్బే, ఏం లేదండీ" అన్నాను. ఎంత నిబ్బరంగా అన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆయన నా జవాబు కోసం ఆగనే లేదు. అప్పటికే గేటువైపు చెయ్యి ఊపుతున్నారు.

నాంచారమ్మ తక్కెడ చేతబట్టుకునే పరుగెత్తుకొచ్చింది. మెట్టు మీద కాలు పెట్టిందో లేదో, పమిట ముక్కుకు అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది. "ఓయమ్మో! ఇదేం కంపు బాబూ! లోపల మనుషులు గానీ ఉన్నారా ఏంటి?"

ఉన్నాడు. సైదులు ఉన్నాడు. ముకుందం ఒక్క ఉదుటున తలుపువైపు దూకాడు. మాస్టారు అతని చొక్కా పట్టుకుని ఆపారు. "నువ్వు వెళితే ఇద్దరవుతారు." తక్కెడలోని రెండు కిలోల రాయి అందుకుని, గాలి వీచే వైపు నుంచి గది వెనక్కి వెళ్లి, కిటికీ అద్దాలు ఒక్కొక్కటే పగలగొట్టారు. ఆ వయసులో ఆయన చేతికి అంత బలం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. "సైదులూ! లేచి నిలబడు! ఆ గ్యాసు నేల మీదే ఉంటుంది! నిలబడి తలుపు దగ్గరికి రా!" అని గట్టిగా కేకలు వేశారు. లోపల్నుంచి జవాబు లేదు. సైదులు కూతురి పెళ్లికి నేను భోజనం చేసి వచ్చి నెల తిరగలేదు.

చివరికి ఏదో బకెట్టు దొర్లిన చప్పుడైంది. గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చి సైదులు కూలిపోయాడు. మాస్టారు, ముకుందం ఊపిరి బిగబట్టి అతని రెక్కలు పట్టుకుని బయలులోకి లాక్కొచ్చారు. కాసేపటికి కళ్లు తెరిచి, అతనన్న మొదటి మాట ఇది: "లోపల వాసనేం లేదయ్యా... కళ్లు తిరిగినయ్ అంతే."

ఆ వాయువు కొద్దిగా ఉంటే కంపు కొడుతుంది, దాని పక్కనే ఉండి అలవాటైన నాలాంటి ముక్కుకు అదీ తెలియదు. ఎక్కువైతే ముందు ముక్కును చంపుతుంది, ఆ తర్వాత మనిషిని. ఈ మాట మాస్టారు ముందే చెప్పి ఉండకూడదా అని ఆ రోజు నాకు కోపం వచ్చింది. చెప్పే ఉంటారు. మేం రాసుకునే ఉంటాం.

సైదులు మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడే అసలు సంగతి తెలిసింది. ఎగ్జామినరు వస్తారు గదా అని, పాత సల్ఫైడు ముక్కలన్నీ ఏరి బల్ల కింద బకెట్టులో వేశాడట. ఆ బకెట్టులో మిగిలిపోయిన ఆమ్లం ఉంది. కుళాయి కట్టేసినా గ్యాసు పుడుతూనే ఉంది. "ముకుందంగారికి చెబుదామనే అనుకున్నానయ్యా. ఆయన నాతో మాట్టాడ్డం లేదుగా" అన్నాడు సైదులు. ముకుందం ఆసుపత్రి వరండాలోని బల్ల మీద కూర్చుని ఏడ్చాడు. అతన్ని ఓదార్చే అర్హత నాకు లేదని తెలిసి దూరంగా నిలబడ్డాను.

ప్రాక్టికల్సు వారం తర్వాత పెట్టారు. ఆ రోజు ముకుందం అందరికంటే ముందే వచ్చాడు. సైదులును గాలి తగిలేచోట కూర్చోబెట్టాడు. బకెట్లన్నీ బయట బోర్లించి, గ్యాసు సిద్ధం చేశాడు. నాంచారమ్మను ఎంతో మర్యాదగా పిలుచుకొచ్చి, గ్యాసు గది పక్కనే స్టూలు వేసి కూర్చోబెట్టాడు. ఆవిడ బుట్ట కూడా అక్కడికే చేరింది. మాస్టారు రాగానే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ, నా ప్రశ్నకు జవాబు దొరికింది. ఇకమీదట నా మాట కాదు, ఈవిడ మాటే మాట. ఏ వాసనా లేదంటోంది. తలుపు తెరవమంటారా?"

మాస్టారు తలుపువైపు చూడలేదు. "ఈవిడ ఇక్కడ కూర్చుని ఎంతసేపైంది?" అన్నారు.

"ఎనిమిదింటి నుంచీ ఇక్కడే ఉందండీ. అస్సలు కదలనివ్వలేదు."

మాస్టారు నాంచారమ్మకు నమస్కారం పెట్టారు. తర్వాత గేటు అవతలి రోడ్డు వైపు చెయ్యి చూపించి, "ముకుందం, ఆ దారిన ఎవరైనా వస్తున్నారేమో చూడు" అన్నారు.