గవరమ్మ వడియాలు, నూకాలు అడ్రస్

అనగనగా ఒక అడవిలో ఒక ఏదుపంది ఉండేది. ఆ అడవిలో ఒక సెల్‌టవర్ కూడా ఉండేది. నవ్వకండి మరి! అడవిలో సెల్‌టవర్ ఎందుకు ఉండకూడదూ? కోతులకు మాటలు తక్కువా, కాకులకు కబుర్లు తక్కువా?

ఏదుపందికి ఒంటినిండా ముళ్లుంటాయని మీకు తెలుసుగా. కోపం వస్తే అవన్నీ నిక్కబొడుచుకుంటాయి. మన ఏదుపంది పేరు గవరమ్మ. ఆమెకు ఏడాదికోసారి కూడా కోపం వచ్చేది కాదు. ఒంటి మీద ఎన్ని ముళ్లున్నాయో, కడుపులో అంత ప్రేమ ఉండేది. ఒక్కటే లోపం. ఎవరు కనపడినా పుట్టుపూర్వోత్తరాలన్నీ అడిగేది. అడిగి ఊరుకుంటుందా? ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

గవరమ్మ బూడిదగుమ్మడి వడియాలు పెట్టేది. బండ మీద ఎండబెట్టి, అడ్డాకుల్లో పొట్లం కట్టి, రాలిన తన ముల్లునే పుల్లలా గుచ్చేది. ఆదివారం సంతలో దుప్పులూ కోతులూ ఎలుగుబంట్లూ ఎగబడి కొనేవి. నూనెలో వేస్తే ఆ వడియం పువ్వులా విచ్చుకునేది. వాసన కొండ అవతలికి పోయేది.

కానీ చిన్న ప్రాణులు సంతకు వచ్చేవి కావు. సంతకు పిల్లులూ వస్తాయి, పాములూ వస్తాయి. వడియం కోసం వచ్చి ఎవరు ఎవరికి వడియమవుతారో ఎవరికి తెలుసు?

ఒకరోజు గవరమ్మ సంత నుంచి వస్తుంటే పొద చాటు నుంచి ఒక సన్నని గొంతు వినిపించింది.

"పెద్దమ్మా! ఇలా ఒకసారి చూడు."

చూస్తే ఒక చిట్టెలుక. పేరు నూకాలు.

"ఏడాదిగా నీ వడియాల వాసన పీలుస్తున్నాను పెద్దమ్మా. ఒక్కటి తినాలని ఉంది. పిల్లల తల్లిని, సంత దాకా వచ్చే ధైర్యం లేదు" అంది నూకాలు.

గవరమ్మ గుండె కరిగిపోయింది. "ఓసి నా తల్లీ! నువ్వు రాకపోతే ఏటి, నేనే వస్తాను. ఫోన్‌లో అంగడి పెడతాను. నువ్వు ఇంట్లో కూర్చుని నొక్కు, నేను గుమ్మంలోకి తెచ్చి ఇస్తాను" అంది.

అనుకోగానే అయిపోతుందా? ఇల్లు అలకగానే పండగ కాదు. ఆ అడవిలో తిండి అమ్మాలంటే అంగడి కచేరీలో అనుమతి తీసుకోవాలి. కచేరీలో వీరభద్రం అనే తాబేలు ఉండేవాడు. ఆయన చదివేది మెల్లగా, నడిచేది ఇంకా మెల్లగా. కానీ ఆయన కళ్లజోడు కింద నుంచి చీమ కూడా తప్పించుకోలేదు.

మొదటిసారి గవరమ్మ ఒక పొట్లం తీసుకుని వెళ్లింది.

"ఇందులో ఏముంది?" అన్నాడు తాబేలు.

"నా ప్రేమ ఉంది బాబూ."

"అది పొట్లం మీద రాయక్కర్లేదు. ఇంకా ఏముంది?"

"బూడిదగుమ్మడి, మినప్పప్పు, పచ్చిమిర్చి, ఇంగువ, ఉప్పు."

"అవి రాయాలి. ఇంగువ పడని వాళ్లుంటారు. ఎప్పుడు ఎండబెట్టావో, ఎన్నాళ్లు నిలవుంటాయో, బరువెంతో అదీ రాయాలి. వెళ్లి రా."

గవరమ్మ గొణుక్కుంటూ వెళ్లి, అన్నీ రాసుకుని రెండోసారి వచ్చింది.

"పొట్లంలో బూజు పట్టిన వడియం వస్తే కొన్నవాళ్లు ఎవరిని అడగాలి?" అన్నాడు తాబేలు.

"నా వడియాలకు బూజా!" గవరమ్మ ముళ్లు రెండు లేచాయి. "సరే, వచ్చిందే అనుకో. నన్నే అడగాలి. మళ్లీ వేరే పొట్లం ఇస్తాను."

"ఆ మాటే అంగడి పేజీ మీద రాయి. నీ పేరు, నువ్వుండే చోటు అందరికీ కనపడేలా పెట్టు. వెళ్లి రా."

మూడోసారి ఆమె ఆర్డర్ తీసుకునే కాగితం తెచ్చింది. కొనేవాళ్లను అడగడానికి అందులో ఆరు ప్రశ్నలు రాసింది. పేరేమిటి? ఎక్కడ ఉంటారు? ఇంట్లో ఎందరు? పిల్లలెందరు? ఏ వేళ ఇంట్లో ఉంటారు? ఏ వేళ ఉండరు?

తాబేలు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "పిల్లలెందరో నీకెందుకు గవరమ్మా?"

"అదేటి బాబూ, అలా అంటారు! గుమ్మంలోకి వెళ్లి పిల్లాపాపల్ని అడగకుండా ఎలా వస్తాను? మనుషుల్లో మెలిగే తీరు అదేనా?"

"మనం మనుషులం కాదు కదా" అన్నాడు తాబేలు. అని, మెత్తగా చెప్పాడు. "చూడమ్మా. అమ్మేవాళ్ల అడ్రస్ అందరికీ కనపడాలి. కొనేవాళ్ల అడ్రస్ ఎవరికీ కనపడకూడదు. చిన్న ప్రాణులకు అడ్రస్ అంటే ప్రాణమే. పొట్లం చేర్చడానికి ఎంత కావాలో అంతే అడుగు. చేరాక తుడిపెయ్యి. ఇది చట్టం. ఒప్పుకుంటే వేలిముద్ర వెయ్యి."

గవరమ్మ నాలుగు ప్రశ్నలు కొట్టేసింది. వేలిముద్ర వేసింది. అనుమతి వచ్చింది.

అంగడి తెరిచిన రోజే మొదటి ఆర్డర్ నూకాలుది. గవరమ్మ తెల్లవారగానే బయలుదేరింది. వాగు పక్కన, ఈతచెట్టు మొదట్లో బొటనవేలంత కన్నం. అందులోంచి నూకాలు వచ్చింది, వెనకాలే నలుగురు పిల్లలు వచ్చారు. అప్పుడే కళ్లు విచ్చిన పిల్లలు. ఒక్కో వడియాన్ని ఇద్దరేసి మోసుకుంటూ లోపలికి తీసుకెళ్తుంటే గవరమ్మ కళ్లు చెమర్చాయి.

"ఎండలో ఆరబెట్టినది ఇలాంటి నోళ్ల కోసమేనే తల్లీ" అంది.

కాగితం మీద అడగకపోతేనేం, గుమ్మంలో నిలబడి అన్నీ అడిగింది. నూకాలు నమ్మి అన్నీ చెప్పింది. పొద్దున్నే మేతకు వెళ్తుందనీ, అప్పుడు పిల్లలే ఉంటారనీ కూడా చెప్పింది. తర్వాత ఆర్డర్ ఇచ్చిన కుందేలు చెప్పింది. పూరేడు పిట్ట చెప్పింది. ఏడు ఇళ్లవాళ్లు చెప్పారు. ఇన్నాళ్లూ వాళ్లను ఎవరూ పలకరించలేదు మరి.

నెల తిరిగింది. ఒక సాయంత్రం గవరమ్మ తన అంగడి పేజీ చూసుకుంది. బోసిగా అనిపించింది. పైన తన పేరు, కింద వడియాల బొమ్మ. అంతే. 'నా వాళ్లంతా ఇంతమంది ఉన్నారని లోకానికి తెలియొద్దూ?' అనుకుంది.

తాబేలు మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చి ఎదురుగా నిలబడింది కూడా. 'చెడ్డమాట రాస్తున్నానా ఏటి? మంచే కదా రాస్తున్నాను' అని దాన్ని పక్కకు నెట్టేసి ఇలా రాసింది.

'మా నూకాలు బంగారు తల్లి. వాగు పక్కన ఈతచెట్టు మొదట్లో ఉంటుంది. నలుగురు పిల్లలు. పొద్దున్నే మేతకు వెళ్తుంది, పాపం పిల్లలే ఇల్లు కాచుకుంటారు. మా వడియాలంటే వాళ్లకు ప్రాణం!'

అలాగే ఏడు ఇళ్ల గురించీ రాసింది. రాసి, చదువుకుని, మురిసిపోయింది.

పిల్లలూ, ఒంటినిండా ముళ్లున్నవాళ్లకు దాక్కోవాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. అందుకే దాక్కునేవాళ్ల భయం వాళ్లకు తెలియదు. గవరమ్మ చెడ్డది కాదు. ఆమెకు తెలియదు, అంతే. తెలిసినాయన చెబితే వినలేదు.

మర్నాడు పొద్దున్నే గవరమ్మ నూకాలుకు పొట్లం తీసుకుని వాగు దగ్గరికి వెళ్లింది. ఈతచెట్టు దగ్గర నేల మీద పొడుగ్గా ఒక చార కనిపించింది. ఆ చార చివర లింగన్న ఉన్నాడు. లింగన్న అంటే జెర్రిపోతు. రెండు బారల పొడుగు. తల అప్పుడే కన్నం దగ్గర పెట్టాడు.

"ఒరేయ్ లింగన్నా! ఇక్కడేటి పని?" అని అరిచింది గవరమ్మ.

లింగన్న తీరిగ్గా తలెత్తాడు. "రా గవరమ్మక్కా. నీ అంగడిలో చదివే వచ్చాను. ఎంత చక్కగా రాశావో! మూడేళ్లుగా ఈ వాగు గట్టంతా వెతికాను, దొరకలేదు. ఈతచెట్టు అని నువ్వు రాయబట్టి తెలిసింది. తల్లి ఉండని వేళ కూడా రాశావు. నీ మేలు మరిచిపోను."

గవరమ్మ పొట్లం కింద పడేసింది. ఆ ఏడాదంతా రాని కోపం ఒక్కసారిగా వచ్చింది. లింగన్న మీద కాదు, తన మీదే. ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. గిరుక్కున తిరిగి, వెనక్కి వెనక్కి నడిచి, ఆ కన్నానికి అడ్డంగా కూర్చుంది.

లింగన్న కుడివైపు నుంచి వచ్చాడు. మూతికి ముల్లు గుచ్చుకుంది. ఎడమవైపు నుంచి వచ్చాడు. మెడకు గుచ్చుకుంది. చెట్టెక్కి పై నుంచి దిగబోయాడు. పైన ముళ్లు మరీ పొడుగు.

"ఎంతసేపు కూర్చుంటావులే. లేవకపోతావా?" అన్నాడు.

"లేవను. వానొచ్చినా లేవను, వరదొచ్చినా లేవను" అంది గవరమ్మ.

ఎండ నడినెత్తికి వచ్చేదాకా చూశాడు లింగన్న. ఒళ్లు కాలిపోతుంటే తిట్టుకుంటూ వాగు దాటి పోయాడు.

అతను పోయాక నూకాలు గడ్డిలోంచి పరుగెత్తుకొచ్చింది. అంతసేపూ గట్టు మీద నుంచి చూస్తూ, ముందుకు రాలేక, వెనక్కి పోలేక వణికిపోయింది పాపం. లోపలికి దూరి పిల్లల్ని లెక్కపెట్టుకుంది. నలుగురూ ఉన్నారు. బయటికొచ్చి గవరమ్మ కాళ్లు పట్టుకుంది.

"నా పిల్లల్ని కాపాడావు పెద్దమ్మా! నీ రుణం ఎలా తీర్చుకోను? కానీ వాడికి మా ఇల్లెలా తెలిసింది? ఈ చోటు ఎవరికీ తెలియదే!"

'వాసన పట్టి వచ్చుంటాడు' అంటే సరిపోయేది. నూకాలు నమ్మేది. కానీ తన కాళ్ల దగ్గరున్న ఆ చిన్న తలను చూస్తే గవరమ్మకు అబద్ధం రాలేదు.

"నేనే చెప్పానమ్మా" అంది. "ప్రేమ కొద్దీ రాశాను. వద్దని చెప్పినా రాశాను. నీ పిల్లల్ని కాపాడింది నేను కాదు, వాళ్ల మీదికి పామును తెచ్చింది నేను."

నూకాలు కాళ్లు వదిలేసింది. తిట్టినా బాగుండేదని గవరమ్మకు అనిపించింది. పిల్లల్ని ఒక్కొక్కరినీ నోట కరుచుకుని, నాలుగుసార్లు తిరిగి, నూకాలు ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయింది. ఎక్కడికో చెప్పలేదు. మొదటిసారిగా గవరమ్మ అడగలేదు.

పేజీ మీద రాసినదంతా అక్కడే నిలబడి తుడిపేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అనుకోండి. అయినా పట్టుకోవాలి కదా. తర్వాత ఎవరూ పిలవకుండానే కచేరీకి వెళ్లి తాబేలు ముందు తలవంచుకుని నిలబడింది.

తాబేలు అరవలేదు. "నెలరోజులు అంగడి మూసెయ్యి. మిగతా ఆరు ఇళ్లకూ నువ్వే వెళ్లి, జరిగింది చెప్పి, జాగ్రత్త పడమను" అన్నాడు.

గవరమ్మ వెళ్లింది. కుందేలు తిట్టింది. పూరేడు పిట్ట ఏడ్చింది. ఒకరు గుమ్మంలోకే రానివ్వలేదు. తలొకరు తలో చోటికి మారిపోయారు. గవరమ్మ అన్నీ విని, ఇంటికొచ్చి, ఒంటరిగా కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

నెల తర్వాత అంగడి మళ్లీ తెరిచింది. ఆర్డర్ కాగితం మీద పేరూ ఇల్లూ కూడా కొట్టేసింది. ఇప్పుడు రెండే ప్రశ్నలు. ఎన్ని పొట్లాలు కావాలి? ఎక్కడ పెట్టాలి? చాలారోజులు ఎవరూ ఏమీ నొక్కలేదు. ఆమె రోజూ వడియాలు పెడుతూనే ఉంది.

చలికాలం మొదట్లో ఒక ఆర్డర్ వచ్చింది. పేరు లేదు. 'ఒక పొట్లం. తుమ్మచెట్ల బాటలో తెల్లరాయి మీద పెట్టి వెళ్లండి' అని ఉంది.

గవరమ్మ పొట్లం పట్టుకుని వెళ్లింది. తెల్లరాయి మీద పెట్టింది. వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టింది. పది అడుగులు వేసిందో లేదో వెనకాల ఆకులు గలగలమన్నాయి. అడ్డాకు లాగుతున్న చప్పుడు. దాంతోపాటు సన్నగా, ఒకటి కాదు, చాలా గొంతులు.

ఆ గొంతులు ఎవరివో ఆమెకు తెలుసు. ఎంత పెరిగారో చూడాలని ప్రాణం కొట్టుకుంది. ఒక్కసారి తల తిప్పితే చాలు.

గవరమ్మ తల తిప్పలేదు. కళ్లనిండా నీళ్లతో, పెదాల నిండా నవ్వుతో, తిన్నగా ఇంటికి నడిచింది. దారిలో కోతి ఎదురై, "ఎవరికి ఇచ్చి వస్తున్నావు పెద్దమ్మా?" అని అడిగింది.

"కావలసినవాళ్లకు" అంది గవరమ్మ.

నీతి: మనల్ని నమ్మి చెప్పిన మాట మన దగ్గర దాచమని ఇచ్చిన సొత్తు; ఎంత ప్రేమతోనైనా దాన్ని నలుగురిలో పెట్టకూడదు.