అతిథి తిన్నాకే మనం

ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే కాపరం పెట్టిందని బసవలింగం, గురులింగం అన్నదమ్ముల గట్టి నమ్మకం. ఊరికొచ్చిన స్వామివారు, "ఆకలితో గడప తొక్కిన ఒక్కరికైనా పెట్టాకే ఇంట్లోవాళ్ళు తినాలి. ఇది దేవుడి ఆజ్ఞ" అనగానే లేచి ఇంటికొచ్చేశారు. ఆజ్ఞ ఎందుకు పెట్టాడో వినడం తెలివిలేనివాళ్ళ పని కదా. ఎవరూ పస్తు పడుకోకూడదనే పెట్టాడన్న మాట, చివరిదాకా కూర్చున్న గురులింగం పెళ్ళాం పారిజాతం ఒక్కతే విన్నది.

మర్నాడు ఆమె పొద్దున్నే వండి వార్చింది. ఏడో నెల. మధ్యాహ్నం దాటినా ఎవరూ రాలేదు.

"బావగారూ, కళ్ళు తిరుగుతున్నాయి. ఒక్క ముద్ద తింటాను."

"తప్పమ్మా. ఆజ్ఞ" అన్నాడు బసవలింగం.

"ఆకలేసినవాళ్ళకి పెట్టమనేగా. నాకు వేస్తోంది."

"నువ్వు గడప తొక్కి రాలేదే. లోపలే ఉన్నావు" అన్నాడు మొగుడు, ఎంత సూక్ష్మం పట్టానా అన్నట్టు.

ఇంకేముంది, అన్నదమ్ములు వీధిన పడ్డారు. పెళ్ళిలో మెడదాకా తిని త్రేనుస్తూ వస్తున్న గాజుల కోటప్పని రెక్క పట్టి ఈడ్చుకొచ్చారు.

"బాబూ, పొట్టలో అరటిపండుకి కూడా చోటు లేదు" అన్నాడతను.

"ఆకలితో రావాలిగా అన్నయ్యా" అన్నాడు గురులింగం.

"వేసేదాకా ఉంచుదాం."

అంతే, కోటప్పని స్తంభానికి కట్టేశారు. శొంఠి కషాయం పోసి, గంటకోసారి పొట్ట నొక్కి చూశారు.

పొద్దు వాలింది. పారిజాతానికి ఓపిక చచ్చింది. పెరటి తలుపు తీసుకుని వెళ్ళి, ఇల్లు చుట్టి వచ్చి, వీధి గడప తొక్కింది.

"అయ్యా, ఆకలి."

గురులింగం తల గోక్కున్నాడు. "అన్నయ్యా, అచ్చం మా ఇంటిదానిలా ఉంది."

"ముఖాలు చూసి పెట్టమని దేవుడు చెప్పాడా? విస్తరి వెయ్యి."

కాళ్ళకి నీళ్ళిచ్చారు. కొసరి కొసరి వడ్డించారు. కాపురానికొచ్చిన నాలుగేళ్ళలో ఆ ఇంట్లో తనకి ఇంకొకరు వడ్డించడం పారిజాతం చూడటం అదే మొదలు.

"బాబూ, ఇప్పుడు నాకూ ఆకలేస్తోంది" అన్నాడు కోటప్ప.

"ఈ పూటకి అతిథి దొరికిందయ్యా. నీ ఆకలి రేపటికి దాచుకో" అన్నాడు బసవలింగం.

పారిజాతం లేచి, తన విస్తట్లో అన్నం కలిపి కోటప్ప నోట్లో నాలుగు ముద్దలు పెట్టింది. కట్లు విప్పింది. అతను వెనక్కి చూడకుండా పరుగు.

అతిథికి తాంబూలమిచ్చి సాగనంపి, అన్నదమ్ములు పీటలు వాల్చుకున్నారు. అప్పుడు గురులింగానికి పెళ్ళాం గుర్తొచ్చింది. పొద్దుటినుంచీ పస్తు కదా. వంటిల్లు, పెరడు, గాదె వెనకాల, అన్నీ వెతికాడు. లేదు. గాభరాగా వీధిలోకి వస్తే, అరుగు మీద కూర్చుని అతిథి వక్క నములుతోంది.

గురులింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, దారిలో మా ఆవిడ కనబడితే అన్నం చల్లారిపోతోందని చెప్పండి. ఆనవాలు పట్టడం తేలికే. అచ్చం మీలాగే ఉంటుంది."