తూర్పు బొట్టు పెట్టిన రేకు మట్టం

రేకులవలసలో పైడన్న, సన్యాసి, గురువులు అని ముగ్గురు అన్నదమ్ములు ఉండేవాళ్ళు. రేకు పని వాళ్ళది. పాత నూనె డబ్బాలు కోసి గరాటులు, చేటలు, నీళ్ళ చెంబులు చేసేవాళ్ళు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. తెలివిలో అయితే తమకు సాటి లేరని వాళ్ళ నమ్మకం.

"మన ఇంట్లో తెలివి మరీ ఎక్కువైపోయిందిరా. కొంత అటక మీద పెట్టుకోవాలి," అనేవాడు పెద్దవాడు పైడన్న.

వాళ్ళ తెలివంతా ఒక్క మాటలో ఉంది: చెప్పింది చెప్పినట్టు చెయ్యడం. ఒకసారి కోమటి వీధి ఆసామి వచ్చి, "గరాటు చెయ్యండి, చుక్క కూడా కింద కారకూడదు," అన్నాడు. అంతే. చక్కని గరాటు చేసి, కింద బొక్కకి గట్టిగా మాటు వేసి ఇచ్చారు. చుక్క కారలేదు. ఆసామి ఎందుకు తిట్టాడో ముగ్గురికీ ఇవాళ్టికీ అర్థం కాలేదు.

ఇంత తెలివిగల ఇంట్లో ఒక్కటే లోటు. వంటింటి నేల వాలు. పడమట ఎత్తు, తూర్పున పల్లం. పైడన్న పెళ్ళాం పోలమ్మ ప్రతి గిన్నె కిందా తూర్పు పక్కన ఒక గులకరాయి పెట్టి పన్నెండేళ్ళు నెట్టుకొచ్చింది. ఆ రాళ్ళన్నీ ఒక గుడ్డసంచిలో దాచుకునేది. ఏ రాయి ఏ గిన్నెదో ఆవిడకే తెలుసు.

ఆ వేసవిలో పోలమ్మ తల్లి నూకాలమ్మ కూతుర్ని చూడ్డానికి వచ్చింది. కంచం ముందు కూర్చుంది. పోలమ్మ కంగారులో కంచం కింద రాయి పెట్టడం మరిచిపోయింది. ఇంకేముంది! చారు మొత్తం కంచం దాటి నూకాలమ్మ కొత్త కోక మీదికి వచ్చేసింది. వెనకాలే పరమాన్నం గిన్నె జారుకుంటూ గుమ్మం దాటి వీధిలోకి పోయింది.

నూకాలమ్మ లేచి నిలబడింది. "అల్లుడూ, పౌర్ణమికి మళ్ళీ వస్తాను. అప్పటికి నా కంచంలో చారు నా కంచంలోనే ఉండాలి. ఉంటే సరే. లేకపోతే నా కూతుర్ని నాతో తీసుకుపోతాను," అని కోక పిండుకుంటూ వెళ్ళిపోయింది.

పైడన్నకి గుండెలో రాయి పడ్డట్టయింది. పోలమ్మ లేని ఇల్లు అతనికి ఊహకే అందలేదు. తన చొక్కా ఎక్కడుంటుందో కూడా అతనికి తెలియదు. రాత్రి అన్నం దగ్గర పెళ్ళాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"నువ్వు వెళ్ళిపోతావా పోలీ?"

"మా అమ్మ మాట మా అమ్మది. నా మాట ఎవరడిగారు?" అంది పోలమ్మ, అతని కంచం కింద రాయి సర్దుతూ.

మర్నాడే అన్నదమ్ములు పాత వంటింటి పక్కన కొత్త వంటిల్లు మొదలుపెట్టారు. తాపీమేస్త్రి సూరన్న గోడలు లేపి, పైన తాటాకు కప్పించి, పక్క ఊళ్ళో పని ఉందని సైకిలెక్కాడు.

"నేల సంగతి?" అన్నాడు పైడన్న.

"మట్టి పోసి, చదును చేసి, పేడతో అలుక్కోండి. దానికి నేనెందుకు?"

"మట్టం చూడాలి గదా మేస్త్రీ. నీ రసమట్టం ఇచ్చి వెళ్ళు."

"అది నా అన్నం పెట్టే వస్తువు, ఇవ్వను. అయినా రేకు పనివాళ్ళు మీకెందుకురా అది? పైసా ఖర్చు లేకుండా మీరే చేసుకోవచ్చు. వినండి. రేకుతో జానెడు తొట్టి చెయ్యండి. గట్టి నేల మీద పెట్టి నీళ్ళు పొయ్యండి. నీళ్ళు ఎంతవరకు వస్తే అంతవరకు రెండు చివర్లా లోపల గీత గియ్యండి. ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టినా నీళ్ళు రెండు గీతల్నీ తాకితే ఆ చోటు మట్టం. తాకకపోతే తప్పు ఆ చోటుది, రేకుది కాదు. దాన్ని చేత్తో పట్టుకుని చూడకండి, గట్టి దాని మీద పెట్టే చూడండి. తెలిసిందా?"

"చెప్పింది చెప్పినట్టు చేస్తాం," అన్నారు ముగ్గురూ. సూరన్న సైకిలు తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. పాపం, ఆ మాటతో అతనికి ధైర్యం కూడా వచ్చింది.

పని మొదలెట్టగానే గొడవ వచ్చింది. జానెడు అన్నాడు గానీ ఎవరి జానో చెప్పలేదు. పైడన్న చెయ్యి పెద్దది. సన్యాసిది పొట్టి చెయ్యి. గురువులు చిటికెన వేలు చిన్నప్పుడే కత్తెర కింద పడి సగమైంది.

"పెద్దవాణ్ణి నేను, నా జానే," అన్నాడు పైడన్న.

"కొలిచింది నీ జాన అయితే, అది నీ ఒక్కడి మట్టమే అవుతుంది. మేం ఎక్కడ కూర్చోవాలి?" అన్నాడు సన్యాసి.

న్యాయంగానే తోచింది. అంతే. ఒక పక్క గోడ పైడన్న జానతో, రెండోది సన్యాసి జానతో, అడుగు గురువులు జానతో కత్తిరించారు. మూడు కలిపి మాటు వేసేసరికి తొట్టి అరటిదొన్నెలా వంకర తిరిగింది. సుత్తితో కొట్టీ కొట్టీ ఎలాగో తొట్టి అనిపించారు. నీళ్ళు కారలేదు. అది చాలనుకున్నారు.

ఇక గట్టి నేల కావాలి. ముగ్గురూ ఊరంతా తిరిగి కాలితో తన్ని చూశారు. వీధి మెత్తన. కళ్ళం మెత్తన. బడి వరండా కాస్త గట్టిదే గానీ గురువులు బొటనవేలికి నొప్పి పుట్టలేదు. చివరికి పాత వంటింట్లో నేల మీద పరిచిన నాపరాయిని తన్నేసరికి గురువులు "అబ్బా!" అని ఒంటికాలి మీద గెంతాడు.

"ఇదేరా గట్టి నేల!" అన్నాడు పైడన్న సంబరంగా.

తొట్టిని నాపరాయి మీద పెట్టి నీళ్ళు పోశారు. నీళ్ళు తూర్పు చివర పైదాకా వచ్చాయి, పడమటి చివర అడుగున ఉండిపోయాయి. సన్యాసి మేకుతో రెండు చోట్లా గీతలు గీశాడు.

గురువులు వంగి చూశాడు. "అన్నా, ఒక గీత పైనుంది, ఒకటి కిందుంది."

"ఉంటే?"

"రెండూ ఒక ఎత్తులో ఉండక్కర్లేదా?"

"మేస్త్రి ఎత్తు మాట ఎత్తాడా? నీళ్ళు ఎంతవరకు వస్తే అంతవరకు అన్నాడు. నీళ్ళకి లేని బాధ నీకెందుకురా?" అన్నాడు పైడన్న.

గురువులు సిగ్గుపడ్డాడు. ఇంటి తెలివికి మచ్చ తెచ్చేవాడే, కొంచెంలో తప్పింది.

సరే, మట్టం తయారైంది. వెంటనే కొత్త నేల మొదలెట్టాలా? అక్కర్లేదు. ముందు ఊరంతా చూద్దామన్నాడు సన్యాసి. బడి వరండా మీద పెట్టారు. నీళ్ళు గీతల్ని తాకలేదు. రచ్చబండ మీద పెట్టారు, తాకలేదు. కుమ్మరి సారె మీద, రోలు మీద, పెసలు కొలిచే కుంచం మీద పెట్టారు. ఎక్కడా తాకలేదు. ముగ్గురూ ముఖముఖాలు చూసుకున్నారు.

"ఊరు ఊరంతా వాలిపోయి ఉందిరా!" అన్నాడు పైడన్న. అతనికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపం, వీళ్ళకి ఎవరూ చెప్పలేదు."

పక్కింటి లచ్చన్న తాత వేపచెట్టు కింద నులకమంచం మీద తూర్పుకి తలపెట్టి గురక పెడుతున్నాడు. మంచం పట్టె మీద మట్టం పెట్టి చూశారు. అది మరీ ఘోరంగా ఉంది. అంతే, చడీ చప్పుడూ లేకుండా పడమటి కాళ్ళ కింద ఒక్కొక్కటే ఇటుక పెట్టారు. నాలుగేసి ఇటుకలు పెట్టేసరికి నీళ్ళు రెండు గీతల్నీ తాకాయి. అదే సమయానికి తాత జర్రున జారి, తల నేలకి ఆని, కాళ్ళు మంచం మీద ఉండిపోయాడు.

"ఒరేయ్, నేను తలకిందులయ్యాన్రా!"

"లేదు తాతా, ఇన్నాళ్ళూ తలకిందులుగా ఉన్నావు. ఇప్పుడే సరయ్యావు," అన్నాడు పైడన్న ఓదార్పుగా.

తాత చేతికర్ర కోసం వెతుక్కునే లోపల ముగ్గురూ కొత్త వంటింట్లోకి వచ్చి పడ్డారు. పౌర్ణమి ఇంక మూడు రోజులే.

మట్టి పోశారు. మట్టం పెట్టారు. పడమట ఇంకా ఎత్తు కావాలంది మట్టం. రెండు తట్టలు పోశారు. ఇంకా కావాలంది. పది తట్టలు పోశాక నీళ్ళు గీతల్ని తాకాయి. దిమ్మిస కొట్టి, అలికి, ముగ్గు వేసి పోలమ్మని పిలిచారు.

పోలమ్మ ముగ్గు తొక్కకుండా మట్టాన్ని తీసి, తుడిచి, మళ్ళీ పెట్టింది. ఆ పెట్టడం ఇటుది అటు అయింది. నీళ్ళు తూర్పుకి వచ్చిన వంకర చివర నుంచి బొళబొళా కారిపోయాయి.

ఇంకేముంది! ముగ్గురూ గుండెలు బాదుకున్నారు. "వదినా, నేలని తిప్పేశావు!" అని అరిచాడు సన్యాసి.

"నేను నేలని ముట్టుకోనేలేదు మరిదీ, రేకునే తిప్పాను."

"తప్పు రేకుది కాదని మేస్త్రి చెప్పాడు. అంటే తిరిగింది నేలే!"

పైడన్న ఆలోచించి, మట్టాన్ని మళ్ళీ మొదట ఉన్నట్టు పెట్టాడు. నీళ్ళు పోశాడు. రెండు గీతల్నీ తాకాయి. "చూశారా, నేల మళ్ళీ తిరిగి వచ్చింది. మట్టానికి తలా తోకా ఉన్నాయిరా," అని తూర్పు చివర కుంకుమ బొట్టు పెట్టాడు. అప్పట్నుంచి ఆ బొట్టు ఎప్పుడూ తూర్పు వైపే ఉండాలని కట్టడి.

పోలమ్మ పొయ్యి పెట్టి, గిన్నెలు తెచ్చి పేర్చింది. గిన్నెలన్నీ వరసగా తూర్పుకి నడిచి గుమ్మం దగ్గర ఆగాయి.

"అచ్చం పాత వంటిల్లే," అంది పోలమ్మ.

పైడన్న గుమ్మంలో కూలబడ్డాడు. పెళ్ళాం చేతిలోని గుడ్డసంచి వైపు చూశాడు. పౌర్ణమి దాటితే ఆ సంచి, ఆ చెయ్యి రెండూ ఈ ఇంట్లో ఉండవు. అప్పుడు తట్టింది అతనికి.

"పోలీ, ఏమన్నావు? పాత వంటిల్లులా ఉందా?"

"అవును."

"ఈ నేల మట్టం అని మట్టమే చెప్పింది. ఇది పాత నేలలా ఉందని నువ్వు చెప్పావు. అంటే పాత నేల కూడా మట్టమే గదే! పన్నెండేళ్ళు అన్యాయంగా దాన్ని తిట్టుకున్నాం!"

అంతే. మట్టాన్ని తీసుకెళ్ళి పాత నాపరాయి మీద పెట్టారు. నీళ్ళు రెండు గీతల్నీ ముద్దు పెట్టుకున్నట్టు తాకాయి. పైడన్న నాపరాయికి కొబ్బరికాయ కొట్టి లెంపలు వేసుకున్నాడు.

"మరి నేల మంచిదైతే చారు ఎందుకు ఒలికింది?" అన్నాడు గురువులు.

"నేల తప్పు కాదు, రేకు తప్పు కాదు. ఇంక మిగిలింది ఏది?" అన్నాడు పైడన్న.

"గిన్నెలు!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

రెండు రోజులు ఇంట్లో సుత్తి మోత ఆగలేదు. చెంబులు, తపేలాలు, కంచాలు ఒక్కటి వదలకుండా, అడుగున ఒక పక్క రేకు పట్టీ మాటు వేసి ఎత్తు పెంచారు. ఎత్తు చేసిన పక్కన కుంకుమ బొట్టు పెట్టారు. బొట్టు తూర్పుకి పెడితే గిన్నె నిటారుగా నిలబడింది. పోలమ్మ గులకరాళ్ళ సంచి మూతి ముడి వేసి మేకుకి తగిలించింది. పన్నెండేళ్ళలో మొదటిసారి ఆవిడ రెండు చేతులూ ఖాళీగా కనిపించాయి.

పౌర్ణమి నాడు నూకాలమ్మ వచ్చింది. పాత కోకే కట్టుకుని వచ్చింది, ముందు జాగ్రత్తకి. పోలమ్మ బొట్టు తూర్పుకి చూసి కంచం పెట్టింది. అన్నం పెట్టింది. చారు పోసింది. పైడన్న ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

చారు కదల్లేదు.

నూకాలమ్మ కంచం చుట్టూ నాలుగు వైపుల నుంచీ చూసింది. మరో గరిటె పోయించుకుంది. అప్పటికీ కదల్లేదు. "అల్లుడూ," అంది చివరికి, "నా కూతురు నీ దగ్గరే ఉంటుంది. ఈ కంచం మాత్రం నేను పట్టుకుపోతాను."

పైడన్న ఊపిరి వదిలేసరికి పొయ్యిలో బూడిద లేచింది. కంచం కడిగి, తుడిచి, బొట్టు ఎప్పుడూ తూర్పుకే పెట్టాలని మూడుసార్లు చెప్పి అత్తని సాగనంపాడు.

మూడో రోజున, నూకాలమ్మ ఊరి నుంచి వచ్చిన పాలాయన కబురు తెచ్చాడు. "మీ అత్తగారు ఇంటికి పోయి ఆ కంచంలో అన్నం తిందట. చారు మొత్తం కోక మీద పడిందట. తన ఇల్లు ఇన్నాళ్ళూ వాలిపోయి ఉందని ఇప్పుడే తెలిసిందట. మట్టం పట్టుకుని ముగ్గుర్నీ వెంటనే రమ్మంది."

"పాపం అత్త!" అన్నాడు పైడన్న. "ఎన్నేళ్ళు వాలు ఇంట్లో కాపరం చేసిందో!"

పోలమ్మ గులకరాళ్ళ సంచి తీసి ఇచ్చింది. "మీరు సరిచేసేదాకా అమ్మకి పనికొస్తాయి."

మట్టం నిండా నీళ్ళు పోసుకుని బయల్దేరారు. చేత్తో పట్టుకోవద్దని మేస్త్రి మాట. గట్టి దాని మీద పెట్టాలి. వెతికితే గురువులు తల తగిలింది. తల మీద పెట్టారు. అత్తగారి ఊరు తూర్పునే ఉంది కాబట్టి బొట్టు ముందుకి వచ్చింది. కానీ నీళ్ళు గీతల్ని తాకలేదు.

"కాస్త ముందుకి వంగరా," అన్నాడు సన్యాసి. గురువులు వంగాడు. ఇంకా వంగమన్నాడు. ఇంకా వంగాడు. తాకాయి.

"ఇప్పుడు గురువులు నిటారుగా ఉన్నాడు," అన్నాడు పైడన్న. తమ్ముణ్ణి చూశాడు, తనని చూసుకున్నాడు. "అంటే మనిద్దరం వంకరగా ఉన్నాం!"

అంతే. ఇద్దరూ గురువులంత వంగారు. ముగ్గురూ అలాగే, పడిపోతున్న పాకలా, దారి పొడుగునా నడిచారు.

సగం దారిలో ఎదురుగా సైకిలు మీద సూరన్న మేస్త్రి వచ్చాడు. వీళ్ళని చూసి బ్రేకు వేసి, నేల మీద కాలు ఆనించి నిలబడిపోయాడు.

"ఏమైందిరా? ముగ్గురికీ ఒకేసారి నడుములు పట్టేశాయా?"

పైడన్న ఆగి, మేస్త్రిని కింద నుంచి పైదాకా చూశాడు. నిలువునా గుంజలా నిలబడ్డాడు మనిషి. ఎంత ఘోరంగా ఉందో చూడలేకపోయాడు.

"ఊరందరికీ మట్టం చెప్పి, నిన్ను నువ్వు చూసుకోలేదా మేస్త్రీ!" అన్నాడు జాలిగా. సంచి ముడి విప్పి, అందులోంచి అన్నిటికంటే పెద్ద గులకరాయి తీశాడు. తపేలా కింద పన్నెండేళ్ళు పనిచేసిన రాయి అది. వంగి, దాన్ని మేస్త్రి మడమ కింద దోపాడు. మేస్త్రి ముందుకి తూలి సైకిలు హ్యాండిలు మీద బోర్లా పడ్డాడు.

సన్యాసి గురువులు తల మీది నీళ్ళు చూశాడు, మేస్త్రిని చూశాడు. "ఇప్పుడు సరిపోయింది అన్నా."

"కదలకు మేస్త్రీ, అలాగే ఉండు," అని చెప్పి, ముగ్గురూ నిటారుగా అత్తగారి ఊరి వైపు సాగిపోయారు.