నీళ్ళకు వీపు తిప్పి చెప్పే కథ

ఆ రేవులో ఫకీరు బాబా మణికట్టుకు పచ్చదారం కట్టనిదే ఎవరూ తండేలు కాలేరు. తండేలంటే పడవకు పెద్ద. తెరచాప తాడు అతని చేతిలో ఉండాలి, గాలిదెబ్బ తగిలిన క్షణాన వదిలెయ్యడానికి. కొర్లయ్య ఏళ్ళ తరబడి బాబాకు శిష్యరికం చేస్తున్నాడు. వెనకొచ్చినవాళ్ళ మణికట్లకు దారాలు పడ్డాయి గాని, అతని చెయ్యి మాత్రం బోసిగానే ఉంది. మామ పోయాక ఆయన పడవ ఒడ్డున ఎండుతోంది. ఈ వేసవిలో తండేలు దొరక్కపోతే అత్త దాన్ని పరాయివాళ్ళకు అమ్మేస్తుంది.

పని రానివాడా అంటే కాదు. కథలు చెప్పడంలో మరీ గట్టివాడు. సాయంత్రాలు వలలు ఆరేసి, గాలిదెబ్బకు తిరగబడ్డ పడవల కథలు చెప్పుకోవడం అక్కడి మొగాళ్ళ అలవాటు. అప్పుడు అందరూ సముద్రానికి వీపు తిప్పి కూర్చుంటారు. అది వింటుందని భయం. కొర్లయ్య ఒక్కడే లేచి, సముద్రానికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ విసురుతూ చెప్పేవాడు. అతను చెయ్యి వాలిస్తే విన్నవాళ్ళకు పడవే వాలినట్టుండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "అందరికీ కడతావు. నాకేటి కట్టవు బాబా? నానేటి తప్పు సేసినాను?"

బాబా ఒకప్పుడు తెరచాప ఓడల మీద తిరిగినవాడు. ఏ నీళ్ళు ఆయన్ని ఫకీరును చేశాయో ఎవరికీ తెలీదు. ఆయన, "మీ మామ పడవ దించు. అలా తిరిగొద్దాం," అన్నాడు.

మధ్యాహ్నం బయల్దేరారు. చుక్కాని దగ్గర తోటి శిష్యుడు దానయ్య, పడవ ముందు సన్నాసి. తాడు కొర్లయ్య చేతికిచ్చి బాబా పక్కనే కూర్చున్నాడు. ఒడ్డు సన్నటి గీతగా మారాక, "దెబ్బతిన్న పడవల కథలేవైనా చెప్పండ్రా," అన్నాడు.

సన్నాసి చుట్టూ నీళ్ళవైపు చూశాడు. "ఇక్కడా బాబా? ఇక్కడ ఈపు ఎటు తిప్పుతాం?"

దానయ్య మాత్రం గురువు మాట కాదనలేక రెండు ముక్కలు చెప్పాడు. వాళ్ళ చిన్నాన్న పడవ తిరగబడినప్పుడు గంజికుండ మూతైనా జారకుండా ఒడ్డుకు కొట్టుకొచ్చిందట. మనుషులు రాలేదు. కుండ తాకితే ఇంకా వెచ్చగానే ఉందట.

"అదీ ఓ కతేనా? పోలమాంబ పడవ కత నాను సెప్తాను, ఇనండి," అంటూ కొర్లయ్య అందుకున్నాడు. మొదటి మాటలకు ఒక చెయ్యి సరిపోయింది. తెరచాప చూపించాల్సి వచ్చేసరికి రెండోది కూడా కావాల్సొచ్చింది. తాడు గబగబా కొయ్యకు చుట్టేశాడు.

బాబా ఆ కొయ్య వంక చూశాడు.

"గాలి ఆగిపోనాది. తెరచాప తడిగుడ్డలా ఏలాడిపోనాది. నీళ్ళు సూస్తే నూనె! ఒక్క ముడత లేదు. ఒక్క పిట్ట లేదు."

దానయ్య, సన్నాసి రెప్ప వెయ్యడం లేదు. తన కథ ఇంతగా పట్టిన రోజు మరొకటి లేదనుకుని కొర్లయ్య లోలోపల పొంగిపోయాడు. గొంతు ఇంకా తగ్గించాడు.

"ఆ పడవలోంచి ఎంతమంది తిరిగొచ్చారు?" అని అడిగాడు బాబా.

"ఒక్కడూ రాలేదు బాబా."

"మరి నీళ్ళు నూనెలా అయ్యాయని నీకెవరు చెప్పారు?"

కొర్లయ్యకు నవ్వొచ్చింది. ఎవరూ చెప్పలేదు. కథ రక్తి కట్టడానికి ఆ ముక్క తనే కల్పించాడు. ఆ మాటే అనబోతూ పక్కకు చూశాడు.

నీళ్ళ మీద ఒక్క ముడత లేదు. తలెత్తితే తెరచాప వేలాడుతోంది. ఒడ్డు నుంచి వెంట వచ్చిన పిట్టలు లేవు. ఇంతసేపూ వాళ్ళు చూస్తున్నది తనను కాదు.

"తర్వాత ఏమైంది?" అన్నాడు బాబా నెమ్మదిగా.

తర్వాత ఏమవుతుందో కొర్లయ్యకు తెలుసు. కొయ్య మీద పడ్డాడు. తడిసిన తాడు చుట్లు ఒకదాని మీదొకటి బిగుసుకుపోయి ఉన్నాయి. ఎంత లాగినా ముడి రాలేదు. దూరంగా నల్లటి చార ఒకటి నీళ్ళ మీద పరిగెత్తుకొస్తోంది. బాబా వంగి కత్తితో తాడు తెంచాడు.

గాలిదెబ్బ పడింది. పడవ ఒరిగింది, అంచు మీదుగా నీళ్ళు లోపలికొచ్చాయి. పట్టు తప్పిన తెరచాప టపటపా కొట్టుకుంది. ఇక అయిపోయిందనుకున్నప్పుడు పడవ మెల్లగా లేచి నిలబడింది.

బాబా తెగిన తాడు కొస తెచ్చి కొర్లయ్య ఎడమచేతిలో పెట్టి, అతని వేళ్ళు ఒక్కొక్కటే మూశాడు.

ఆ తర్వాత చాలా రోజులు కొర్లయ్య కథ చెప్పలేదు. దారం ఊసూ ఎత్తలేదు. అత్త పడవను బేరం పెట్టింది.

ఒక సాయంత్రం అందరూ బతిమాలితే చెప్పాడు. సముద్రానికి వీపు తిప్పి, కూర్చునే చెప్పాడు. కుడిచెయ్యి ఒక్కటే ఆడుతోంది. ఎడమచెయ్యి మోకాలి మీద, తాడు పట్టుకున్నట్టు పిడికిలి బిగిసి ఉంది. నీళ్ళు నూనెలా అయిన చోట ఆగి, ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

బాబా ఎప్పుడొచ్చాడో గాని, అతని ముందు కూర్చుని పచ్చదారం తీశాడు. కొర్లయ్య ఎడమ పిడికిలి విప్పి చెయ్యి చాపబోయాడు.

"విప్పకు," అన్నాడు బాబా.