తొడకండలో ఎముక

దమ్ముంటే నమ్ము. మా గురువుగారి తొడకండలో ఎముక మొలిచింది. ఎముకే ఉండకూడని చోట, మెత్తటి కండ మధ్యలో, కొత్త ఎముక. ఆ నవ్వే బొమ్మలు పెట్టడం ఆపరా ముందు. ఎక్స్‌రే ఫిల్ము నా కళ్ళతో చూశాను.

గురువుగారంటే బంగారునాయుడు గారు, విజయనగరంలో మాకు కర్రసాము నేర్పేది ఆయనే. ఆయనకో అలవాటు. ఏదడిగినా తిన్నగా జవాబు చెప్పరు. ఏదో ఒకటి చూపించి ఊరుకుంటారు, మిగతాది నువ్వు బుర్ర గోక్కోవాలి. మొన్న వేసవిలో ఆయనకి తుంటి కీలు మార్చారు. ఆపరేషన్ బాగానే అయ్యింది, చేతికర్రతో నడిచారు కూడా. కొన్ని వారాలు పోయాక ఆ కాలు బిగుసుకోవడం మొదలెట్టింది. కూర్చోబోతే మడవదు, లేవబోతే సాగదు.

మా సాము వాళ్ళకి ఒళ్ళెక్కడ బిగిసినా ఒకటే మాట, పట్టేసింది అని. పట్టు అన్నాక విడిపించాలి కదా! మాలో పెద్ద శిష్యుడు కూర్మారావు, మేమంతా కూర్మన్న అంటాం, రేపు గురువుగారి తర్వాత మాకు నేర్పాల్సింది అతనే. రోజూ పొద్దున్నే నువ్వులనూనె కాచి తెచ్చి, తొడ మీద బలమంతా వేసి రుద్ది, కాలు పట్టుకుని లాగేవాడు. గురువుగారు పళ్ళు బిగించుకునేవారు. "ఓర్చుకోండి, ఒదులుతోంది, ఒదులుతోంది" అనేవాడు. ఎక్కడ ఒదిలింది? ఇంకా బిగిసింది.

నిన్న ఎక్స్‌రే తీయించారు. డాక్టరు గారు చూసి, "ఇది కండ పట్టెయ్యడం కాదండీ, ఎముక. కీలు మార్చాక కొంతమందికి పక్క కండల్లో ఇలా తయారవుతుంది. ఇంత ఎందుకు పెరిగిందో తేల్చి చెప్పలేను గానీ, ఆ లాగుడు మాత్రం ఇవాళే ఆపెయ్యండి" అన్నారట.

పక్కనే నిలబడి విన్నాడు కూర్మన్న. తిరిగొచ్చి తన కర్ర గోడకి ఆనించేశాడు. "నేనింక రాను గురువుగారూ. ఈ చేతుల్తో ఎవరికీ ఏమీ నేర్పను" అన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ తిరిగాడు. "ఒక్కటి చెప్పండి. మంచి జరగాలనే కదా చేశాను. అది చెడెలా అయ్యింది?"

గురువుగారిది ఎప్పటి దారే. "ఆ ఫిల్ము తే. కిటికీ కాడ ఎత్తి పట్టుకో" అన్నారు.

ఎత్తి పట్టుకున్నాడు. మేమంతా వెనక గుమిగూడాం. ఎండ దాన్లోంచి వచ్చింది. కొత్త కీలు ధగధగా తెల్లగా ఉంది. దాని పక్కన, వట్టి కండ ఉండాల్సిన చోట, తుంటి నుంచి ఓ కొమ్మ కిందికి, తొడ నుంచి ఓ కొమ్మ పైకి. రెండూ ఒకదాని కోసం ఒకటి చెయ్యి చాపినట్టున్నాయి రా. మధ్యలో సన్నటి సందు. ఆ చీకట్లో మొలవమని ఎవరు చెప్పారు దానికి? సున్నం ఎక్కడ తెచ్చుకుంది? ఆకారం ఎవరు నేర్పారు?

"నిజం ఎముకేనా అండీ?" అన్నాను, ఆగలేక.

"నిజం ఎముకేనట. నా పాతవాటి కన్నా కుర్రది!" అని నవ్వారు గురువుగారు. తర్వాత కూర్మన్న వైపు తిరిగారు. "దాన్ని తిట్టకురా నాయినా. లోపల కోత పడిందని తెలిసి పరిగెట్టుకొచ్చింది. అచ్చం నీలాగే."

కూర్మన్న ఫిల్ము కిందికి దించాడు. "తీసేస్తారా మరి?"

"ముదిరాక చూస్తారట. పచ్చి మీద కోస్తే మళ్ళీ మొలుస్తాదట."

"అప్పటిదాకా నేనేం చెయ్యను?"

గురువుగారు బల్ల మీద కాస్త జరిగారు, ఆ కాలు కర్రలా చాపుకునే. పక్కన చోటు చూపించారు. "ఇలా వచ్చి కూకో. చేతులు నీ ఒళ్ళో ఎట్టుకో."

కూర్చున్నాడురా. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, ఒకదాంతో ఒకటి పట్టుకుని, అలా ఎంతసేపు... ఉండు ఉండు, ఇవాళ ఆ కర్ర మళ్ళీ అందుకుని కూర్మన్న కేకేస్తున్నాడు, కర్రలు తీసుకుని వరసలో నిలబడాలట, నా చేతిలో ఫోను చూశాడంటే లాక్కు—