తాళం మార్చిన రాకుమారుడు

అనగనగా ఒక రాజు. వట్టి మెత్తనివాడర్రా, వెన్నముద్ద! ఆ రాజ్యంలో రైతులందరూ విత్తనాలు ఒకే పాతరలో దాచుకునేవారు. దాని తాళంచెవి పాతర కాపలాదారు వీరభోగయ్య దగ్గర ఉండేది. ఒకసారి ఇచ్చిన తాళంచెవి వెనక్కి అడగకూడదని ఆ దేశపు ఆచారం.

ఆ భోగయ్య ఏం చేశాడు? ఏడు సముద్రాల అవతలి మాంత్రికుడు "గింజకు వంద గింజలిస్తా" అంటే నమ్మి, విత్తనాలన్నీ పంపేశాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు! వంద కాదు కదా, ఒక్కటీ తిరిగి రాలేదు. ఏడుస్తూ రాజు కాళ్ళమీద పడ్డాడు. రాజు కరువుకని దాచిన గాదె విప్పి పాతర నింపాడు. భోగయ్య మళ్ళీ పంపాడు, మళ్ళీ ఏడ్చాడు. రాజు మళ్ళీ నింపాడు. మూడోసారి వచ్చేసరికి వాడి కంట్లో తడి కూడా లేదు!

"నింపండి మహారాజా! నింపకపోతే చచ్చేది జనం, నాదేం పోయింది?" అన్నాడు. ఎంత పొగరు!

విత్తనాలు చల్లే మృగశిర కార్తె ముంచుకొస్తోంది. రాజు ముగ్గురు కొడుకులనూ పిలిచాడు.

"నింపుదాం నాన్నగారూ" అన్నాడు పెద్దవాడు.

"మునిగితే మునగనీండి" అన్నాడు రెండోవాడు.

"మునిగేది భోగయ్యా? రైతులు కదా!" అన్నాడు చిన్నవాడు ఉదయసేనుడు. "గాదెలో ఏమైనా మిగిలిందా నాన్నగారూ?"

"అడుగు కనిపిస్తోంది నాయనా."

"అయితే పోయినచోటే వెతుకుతా" అని బయలుదేరాడు.

దారిలో ఆకలితో సోలిపోయిన గండభేరుండ పక్షికి తన చద్దిమూట విప్పి పెట్టాడు. "ఇక నా రెక్కలు నీవే" అని ఆ పక్షి అతణ్ణి ఏడు సముద్రాలూ దాటించింది.

అక్కడ మాంత్రికుడి కోటలో చెరపడ్డ రాకుమారి మందారిక చిలకకు మేత వేస్తోంది. చిలకా అది? గుమ్మడికాయ!

"మాంత్రికుడి ప్రాణం ఇందులోనే ఉంది. మీ విత్తనాలు మేసి ఇది బలిసేకొద్దీ వాడూ బలుస్తాడు" అని, అతను వచ్చిన పని విని, మందారిక చెవిలో చెప్పింది.

ఉదయసేనుడు పంజరం లాక్కుని పక్షి వీపెక్కాడు. మాంత్రికుడు పరుగున వచ్చి గుడ్లురిమాడు.

"దాన్ని చంపావో, కొట్లలో ఉన్న మీ విత్తనాలన్నీ బూడిదే! మేపక చస్తావా?"

"చంపేదెవరోయ్? మేత ఆపుతున్నా, అంతే!"

పొద్దు నడినెత్తికొచ్చేసరికి చిలక పిచ్చుకంత అయింది, మాంత్రికుడు ముంగిసంత అయ్యాడు. "తీసుకుపో బాబూ, గింజ మిగల్చకుండా తీసుకుపో!" అని తనే కొట్ల తలుపులు తీశాడు. ఉదయసేనుడు చిలకను అడవిలో వదిలి, "ఇకనుంచి ఏరుకుని తిను" అన్నాడు. రాకుమారినీ విత్తనాలనూ పక్షి మూడు విడతల్లో చేరవేసింది.

కార్తె రోజున రైతులు గంపలతో పాతర దగ్గరికొచ్చారు. భోగయ్య మీసం దువ్వుకుంటూ ముందుకొచ్చాడు. "ఆచారం తెలుసుగా? తాళంచెవి నాదే!"

జనం గంపలు కింద పెట్టేశారు.

"నీదే మామా, భద్రంగా ఉంచుకో! నిన్ను అడిగిందెవరు?" అని నవ్వాడు ఉదయసేనుడు. "తాళం మార్చేశాం!"

కొత్త తాళాలు మూడు. వాటి చెవులు ముగ్గురు రైతుల దగ్గరున్నాయి, ముగ్గురూ కలిస్తేగానీ తలుపు తెరుచుకోదు. తెరిచి ఇంటింటికీ విత్తనాలు కొలిచారు. భోగయ్యకూ ఒక కుంచెడు పోసి, "పో, దున్నుకో" అన్నారు. అంతలో తొలకరి కురిసిందర్రా! తడుస్తూ ఒకటే కేకలు, ఒకటే ఈలలు!

పంట ఇళ్ళకు చేరాక ఉదయసేనుడికీ మందారికకూ పెళ్ళయింది. రాజ్యం చిన్నవాడికే దక్కింది, కలకాలం చల్లగా ఏలాడు. భోగయ్యంటారా? ఏ తాళానికీ పట్టని ఆ చెవిని మొలకు కట్టుకునే బతికినన్నాళ్ళూ నాగలి దున్నాడు.